ఒకటో నంబరు సీటు

హలో… ఆ, నేనే బిడ్డా, మీ మామనే. ఇంకెవరనుకున్నవ్?

…అయిపోయింది. బ్యాటరీ మారింది. ఒక్కణ్ణే మార్చిన. ఒంటి చేత్తోటి! రెండో చెయ్యి జేబుల పెట్టుకున్న. ఈ పోశయ్య పానా పట్టిండంటే నట్టు తనంతల తానే తిరుగుతది, తెలుసా?

…ఏంది, నవ్వొస్తలేదా? సరే తియ్యి. నాకు గూడ రాలే.

…ఇక్కడనే, బిల్డింగు వెనక ఇసుకల. బండి నీడకే కూసున్న. అల్ ఐన్ ఎండ గదా, బానెట్ మీద రొట్టె కాల్చుకున్న… లేదు లేదు, కాల్చలే. పిండి యాడిది?

తిన్నవా?… ఏం తిన్నవ్?… యాదికి లేదా. డబ్బ తెరిచి చూడు. ఖాళీగుంటే తిన్నట్టు.

…నిండుగ ఉందా. మరి తిను. ఆఫీసుల ఎవరేమనుకుంటరని చూడకు. ఫోను చెవి కాడనే ఉండనియ్యి. నేను చెప్తుంట, నువ్వు నములు.

…ఆఁ, పాసింగ్‌కు అన్నీ చూసిన. బండి ముల్కియా కార్డు గడువు రేపటితోటి ఖతం గదా. ఈ పొద్దు తనిఖీల పాసు గాకుంటే రోడ్డెక్కనియ్యరు. టైర్లు మంచిగున్నయ్. వైపర్లకు కొత్త రబ్బర్లు వేసిన. హెడ్‌లైట్లు మసకబారినయని రాజమౌళి దోస్తు మురళి అన్నడు గదా, పండ్లపేస్టు పెట్టి రుద్దిన… ఆ, నీదే. మొత్తం. రేపు ఉప్పుతోటి తోముకో… మెరుస్తున్నయ్. పెండ్లికొడుకు కండ్ల లెక్క —

…

…ఏమనలే. ఏమనలే బిడ్డా. నోరు జారింది.

…ఏసీ జాలీ గూడ తీసిన. ముందల డబ్బ వెనక ఉంటది, తెల్వదా? తీసి దులిపితే పిడికెడు ఇసుక రాలింది… రువైస్‌ది. రంగు చూస్తే తెలుస్తది. మన అల్ ఐన్ ఇసుక ఎర్రగుంటది, ఇది తెల్లగుంది. నా కొడుకు రాజమౌళి ఆడ డ్యూటీ దిగి, వారం వారం నీ దగ్గరికి నడుపుకుంట వచ్చిన తొవ్వ ఇసుక.

…పారబొయ్యలే. ఏం చెయ్యాల్నో తెల్వలే. గిన్నెల పోసి పొయ్యి పక్కకు పెట్టిన. ఉప్పనుకొని కూరల వేసేవు.

…అడుగుతవని తెలుసు. పొద్దున నువ్వన్నది మరిచిపోతనా? “మామా, బ్యాటరీ తీస్తే సీటు యాది మరుస్తదట. ఆయన పెట్టుకున్న ఒకటో నంబరు పోతే ఆ బండి నేను ముట్టను, మురళి తోలుకొచ్చిన బేరగానికి అమ్మేస్త” అంటివి.

…ఉంది. పోలే. తలుపు మీద ఒకటో బటన్ నొక్కిన. గుర్రుమనుకుంట వెనకకు పోయింది, కిందికి దిగింది, జర ఒరిగింది. వాడు కూసునే తీరే… ఆఁ, నా కండ్ల ముందల.

…ఎట్లనంటే, ఉపాయం. పక్కింటి అయేషమ్మ బండి తెచ్చి ఆనిచ్చి పెట్టిచ్చిన. రెండు వైర్లు తగిలిచ్చిన. పాత బ్యాటరీ తీసినంత సేపు ఆ బండి కరెంటు ఈ బండికి పారుతది. సీటుకు తెల్వనే తెల్వది.

…నాకెవరు చెప్తరు? ఈ ఊరి మజ్రాల, ఖర్జూరం తోటలల్ల, ఏండ్లకేండ్లు ఇంజన్లు చూసుకున్నోన్ని. ఒకపారి పంపుసెట్టు బ్యాటరీ సచ్చింది. ఖర్జూరం చెట్లు ఎండుతున్నయ్. తోట యజమాని అర్బాబుకు ఒక ఒంటె ఉండె, మా మొండిది. ఇంజను చక్రానికి తాడు చుట్టి, కొస దాని నోటికిచ్చిన. గుంజింది చూడు… డుగడుగడుగ! నీళ్ళే నీళ్ళు. ఇగ ఆనాటి సంది దానికి దూపైతే తానే వచ్చి తాడు పట్టుకునేది.

…నమ్మకపోతే నీ ఇష్టం. ముద్ద మింగినవా?

…ఏంది? అయేషమ్మ ఫొటో పంపిందా?… ఎవరెవరున్నరు దాంట్ల?… ఆ, లుంగీ ఆయన అయేషమ్మ పెనిమిటి. టోపీ ఆయన మన చౌకీదారు… సరే, దొరికిపోయిన. ఒంటి చెయ్యి గాదు, ఆరు చేతులు! నట్టుకు తెల్లగ ఉప్పు పట్టి రానంటే రానన్నది. వేన్నీళ్ళల్ల వంటసోడా కలిపి పోసిన. పానా జారి నా బొటనేలి మీదనే పడ్డది. నా రెండో చెయ్యి జేబుల లేదు, నోట్ల ఉంది.

…ఆ. అంతే. గా మాత్రం నవ్వితే సాలు.

…ఏం నొప్పి లేదు. గోరు నల్లబడ్డది గని నొప్పి తెలుస్తలేదు. ఇయ్యాల రేపు ఏదీ తెలుస్తలేదు. నీకు గూడ అంతేనా… ఊఁ.

…మీ ఆఫీసు ముదీర్ జల్ది పంపిస్తనన్నడా. మంచిది. నువ్వే నడుపు, నేను పక్కకు కూసుంట… మురళినేం పిలవొద్దా? ఇంకా మంచిది.

…ఏంది? దిండా? దిండెందుకు?

…వీపు వెనక పెట్టుకొని… సీటు జరపనే జరపవా?

…రెండో నంబరు ఖాళీగుంది గదా బిడ్డా. నీది దాంట్ల పెట్టుకో. ఒకటి యాడికి పోతది?

…వాడు కూసున్న కాడనే కూసుంటనంటవు.

…మాలతీ, వాడు నీకన్న మూరెడు పొడుగు. దిండు పెట్టినా నీ కాలు బ్రేకుకు అందది… కొనవేళ్ళు అందుతయా. మన ఊర్ల అడుగుకో రౌండబౌట్. కొనవేళ్ళతోటి బండి ఆగుతదా?

…తెలుసు. నాకు తెలుసు. దినాం పొద్దూకంగ కిందికి పోతవు. ఒకటి నొక్కుతవు. పోయి పక్క సీట్ల కూసుంటవు. మన కిటికీల నుంచి కనబడ్తది. నువ్వు పైకి వచ్చేసరికి నేను చూడనట్టు చాయ పెట్టుకుంటుంట.

…మురళి రువైస్ నుంచి బండి తెచ్చిన నాడు సీటు ముందుకు గుంజుకొని ఉండె. నువ్వు ఒకటి నొక్కంగనే వెనకకు పోయింది. అప్పుడు గూడ నువ్వు ఏడ్వలే. నేనూ ఏడ్వలే. వాడున్న పెట్టెను ఊరికి తీసుకపోయిన నాడు ఏడ్వనోళ్ళం, సీటుకు ఏడుస్తమా.



విను. దిండు తెచ్చుకోకు.

…ఎందుకంటే ఆ సీటు వాడిది గాదు.

…

వైర్లు తగిలిచ్చిన, అది నిజమే. పానా బొటనేలి మీద పడ్డప్పుడు చెయ్యి గుంజుకున్న. వైరు ఊడింది. లోపల లైట్లన్నీ ఆరిపోయినయ్. మళ్ళ తగిలిచ్చిన. ఒకటి నొక్కిన. కదల్లే. మళ్ళ నొక్కిన. కదల్లే.

…లేదు బిడ్డా. పోయింది.

…చౌకీదారు ఖలాస్ అన్నడు. వాళ్ళు పోయినంక నేనే ఎక్కి కూసున్న. లోపలిదిక్కు తలుపుకు వాడి మోకాలు తాకి తాకి మెరిసిన జాగ ఉంది గదా… ఆఁ, అదే. ఆడికి నా మోకాలు ఆనేదాక సీటు జరిపిన. వాడివి నా కాళ్ళే గదా. ఎత్తూ నాదే. అట్ల కూసొని, సెట్ నొక్కి ఒకటి నొక్కిన. ఇప్పుడు ఒకటి నొక్కితే వచ్చేది వాడు గాదు. నేను. ముసలోన్ని.

…

…మాలతీ?

…తిట్టు. ఏమన్న ఒకటి అను.

…ఏంది?… ఆ. నా మోకాలు ఆనింది. సరిగ్గ ఆడనే ఆనింది.

…వెంట్రుకంత తేడా లేదు.

…

…అట్లనే. తియ్యను. ఒకటి అట్లనే ఉండనీ. రెండు నీది. వచ్చినంక నువ్వే కూసొని పెట్టుకో. బ్రేకు అడుగు దాక తొక్కి చూసి పెట్టుకో.

…బండి అమ్ముతలేమన్న ముచ్చట మురళికి నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?… సరే, నువ్వే చెప్పు.

…డబ్బ ఖాళీ అయిందా? ఇంత మిగిలిందా… అది గూడ తినేసి యల్లా, బయలెల్లు. నేను బానెట్ మూస్త.

…ఒంటెనా?… ఒంటె నిజమే బిడ్డా. తాడు తానే పట్టుకునేదన్నది గూడ నిజమే. ఒకటి పోలేదన్నది ఒక్కటే నేను కల్పించింది.

…ఉంట మరి.