చీటీల్లేని డబ్బాలు

ఏం మనిషివయ్యా నువ్వు! ఒక్క డబ్బా మీద, ఒక్కటంటే ఒక్క డబ్బా మీద, లోపలేముందో రాసి చావకూడదూ?

నవ్వకు. ఫొటో ఎక్కి కూర్చుంటే ఇంక ఎవరూ ఏమీ అనరనుకున్నావా? బతికున్నన్నాళ్ళూ 'ఏమండీ' అన్నాను, 'మీరు' అన్నాను. ఇంక అనను. పోయినవాడికి మర్యాదేంటి!

చూడు ఈ అర. గేర్‌బాక్సుల్లో పోసే నూనెలు, అన్నీ ఒకేలాంటి డబ్బాలు. కంపెనీ చీటీలన్నీ బ్లేడుతో గీకి పారేశావు. ఎవరైనా ఏది ఏదంటే మూత తీసి, వాసన చూసి, రెండు వేళ్ళ మధ్య రాసుకుని, పెద్ద వైద్యుడిలా తల ఊపేవాడివి. నేనడిగితే? "నీకెందుకు? నేను పోస్తాగా, పక్కకి జరుగు."

జరిగాను. ఇప్పుడు నువ్వే లేవు. ఎవరు పోస్తారు?

షెడ్డు మూసెయ్యమన్నారు అందరూ. మూసేసి ఏం చెయ్యను, నీ ఫొటో తుడుచుకుంటూ కూర్చోనా? ఇన్నేళ్ళూ నీకు స్పానర్లు అందించిందెవరు? నడుం నొప్పని నువ్వు మూలుగుతుంటే బండి కింద దూరి నట్లు విప్పిందెవరు? నాకు రానిదల్లా ఈ నూనెల సంగతే. ఎందుకు రాదు? నువ్వు చెప్పలేదు కాబట్టి.

టీచరమ్మ కారొచ్చింది. క్లచ్ పెడల్ లేదు. అంటే ఆటోమేటిక్, అంటే ఎర్ర నూనె. ఆ మాత్రం నాకూ తెలుసనుకుని పోశాను. ఆవిడ వంతెన ఎక్కుతుంటే ఇంజను గొంతు చించుకుంటోంది గానీ బండి కదలదు! వెనక బస్సు, హారన్లు, వెనక సీట్లో ఆవిడ పసిబిడ్డ.

ఆ గేర్‌బాక్సులో పళ్ళచక్రాలు కాదట, ఇనప బెల్టట. దానికి ఎర్రది పడదట, వేరే నూనె ఉందట. బాక్సు ఒంటికి చిన్న రేకు ఉంటుందట, జిడ్డు తుడిస్తే ఏ రకమో అక్కడే రాసి ఉంటుందట. ఎవరు చెప్పారు నాకు? పాత సామాన్ల కొట్టువాడు! కట్టుకున్న మొగుడు కాదు, ముక్కూ మొహం తెలియని పరాయివాడు.

నీ తమ్ముడి మాటలు వినాలి. "వంటింటి నూనె కాదు వదినా ఇది. షెడ్డు నాకొదిలెయ్" అన్నాడు, టీచరమ్మ ముందే. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు పట్టాను పట్టు. బజార్లో నూనెల కొట్లోంచి పేర్లు రాసున్న కొత్త నూనెలు కొంచెం కొంచెం తెచ్చి, తెల్లకాగితం మీద నీ డబ్బాలోని చుక్క పక్కన కొత్త చుక్క వేసి చూశాను. కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే చిక్కటిది మామూలు గేర్లకి. పల్చటి ఎర్రది ఆటోమేటిక్‌కి. ఆకుపచ్చది బెల్టు బాక్సుకి. అన్నిటికీ లావు పెన్నుతో, వీధిలోంచి కూడా కనబడేలా రాసి అంటించాను. టీచరమ్మ కారు బాక్సు కడిగి, సరైనది పోసి, నేనే ఆ వంతెన ఎక్కించి చూపించాను. అదృష్టం, బెల్టు ఇంకా పాడవలేదు.

పొంగిపోయాను. ఎంత పిచ్చిదాన్ని!

నీ తమ్ముడొచ్చాడు. నా చీటీలు చక్కగా చదువుకున్నాడు, లోపలి రంగైనా చూడకుండా చక్కగా పోసుకున్నాడు, చక్కగా షెడ్డు తాళాలు జేబులో వేసుకున్నాడు. "ఇంక నీకెందుకు వదినా ఈ మసి? ఇంట్లో కూర్చో." వచ్చినవాళ్ళతో 'నా షెడ్డు' అంటున్నాడు. టీచరమ్మ కూడా మొన్న నన్ను దాటుకుని వాడి దగ్గరికే వెళ్ళింది. వెళ్ళదూ మరి? డబ్బాలే మాట్లాడుతుంటే నాతో పనేముంది?

ఏంటలా చూస్తావు? అందుకేనా గీకావు? వీడి సంగతి తెలిసేనా?

సరే, వాడి దగ్గర దాచావు. నా దగ్గర ఎందుకయ్యా? వాడూ నేనూ ఒకటేనా నీకు? అక్కడే మండుతుంది నాకు.

ఇవాళ పొద్దున వాడు షెడ్డు తెరిచి టిఫినుకి వెళ్ళగానే నీ సొరుగులోంచి అదే బ్లేడు తీశాను. పెట్రోలు గుడ్డతో తడిపి, నా చేతి రాత నేనే గీకేశాను. ఒక్కటి మిగల్చలేదు. నీ తమ్ముడు తిరిగి వచ్చి, బయట వ్యానువాడు తొందరపెడుతుంటే, డబ్బాల ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "వదినా, దేంట్లో ఏముంది?"

మూత తీశాను. వాసన చూశాను. వేళ్ళ మధ్య రాసుకున్నాను. తల కూడా ఊపాను, తెలుసా!

"నీకెందుకు? నేను పోస్తాగా, పక్కకి జరుగు."

జరిగాడు. తాళాలు బల్ల మీద పెట్టి మరీ జరిగాడు.

నీ బుద్ధి అర్థమైంది కదా అని క్షమించాననుకోకు. నీ పాపం నీదే. కానీ వాణ్ణి జరగమన్నప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నిజం చెప్పు. నన్ను జరగమన్న ప్రతిసారీ నీకూ ఇంత హాయిగానే ఉండేదా?