కంఠతా వచ్చిన అక్షరాల పటం

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులు, మా విమాన సంస్థ డైరెక్టరు దెల్మాస్ గారికి, ఏటా రెండుసార్లు నా కళ్ళు పరీక్షించి భేషుగ్గా ఉన్నాయని సంతకం పెట్టిన డాక్టర్ ఎర్హార్ట్ గారికి, పెద్దలకు, సాటి పైలట్లకు, మెకానిక్కులకు నమస్కారం.

1922 నుంచి పద్నాలుగేళ్ళు పారిస్, స్ట్రాస్‌బర్గ్, ప్రాగ్ మధ్య తిరిగిన ఈ తెయోఫీల్ ఒక్కసారి కూడా దారి తప్పలేదని డైరెక్టరు గారు ఇందాక పొగిడారు. అయ్యా, వినడానికి హాయిగానే ఉంది గానీ, అది పచ్చి అబద్ధం. (నవ్వులు)

మనకు దారి ఎలా తెలిసేది? రైలు పట్టాల వెంట పోవడం, అనుమానం వస్తే కిందికి దిగి స్టేషను కప్పు మీద రాసిన ఊరి పేరు చదువుకోవడం. ఆ చదవడమే ఆరేళ్ళుగా నావల్ల కాలేదు. డాక్టరు గారి గోడ మీది అక్షరాల పటం మాత్రం నాకు కంఠతా వచ్చు. (తల దించుకోకండి డాక్టరు గారూ, తప్పు నాది.) విమానంలో నా పక్కన కూర్చునే మెకానిక్కు అషీల్, మా ఆవిడ తమ్ముడు, వాడే నా కళ్ళు. "బావా, అది మన పట్టా కాదు, కుడికి తిప్పు! ఎడమకు పోతావేం నీ మొహం మండా!" అనేవాడు.

ఒకరోజు వాడు పంటినొప్పితో రాలేదు. స్ట్రాస్‌బర్గ్‌లో దిగవలసిన టోపీల వ్యాపారిని మెట్జ్‌లో దించి, "వచ్చేశామండీ" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "మా చర్చికి ఒకటే గోపురం కదా?" అన్నాడు.

"రెండోది మొన్ననే కట్టారు" అన్నాను, సిగ్గులేకుండా. (నవ్వులు)

పోయిన నెల మాత్రం నవ్వులాట కాలేదు. పొగమంచులో అషీల్ గొంతు చించుకున్నా ఎదుటి కొండ నాకు కనపడలేదు. వాడే నా చేతిలోంచి విమానం నడిపే కర్ర లాక్కుని పైకి లేపాడు. వెనక నలుగురు ప్రయాణికులు, ఒకామె ఒళ్ళో పసిబిడ్డ. దిగాక వాడు తిన్నగా డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి పటం మార్పించాడు. మర్నాడు డాక్టరు గారు పరీక్షకు పిలిస్తే, కొత్త పటం ముందు నిలబడి నేను పాత పటాన్ని గడగడా అప్పజెప్పాను. (నవ్వులు)

తలుపు దగ్గర టోపీ నలుపుకుంటూ నిలబడ్డావు అషీల్, చెప్పింది నువ్వేనని నాకు తెలుసురా. నిన్ను తిట్టని రోజు లేదు. నువ్వూ అక్క గడప తొక్కడం మానేశావు. ఎగరడమంటే నాకు పిచ్చి. ఆ పిచ్చితో పరాయివాళ్ళ ప్రాణాలతో ఆడుకున్నాను. నువ్వు చెప్పకపోతే నేనై చెప్పేవాణ్ణి కాదు.

ఇంతసేపు భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. అషీల్, ఆదివారం మీ అక్క బాతు వండుతోంది. రాకపోయావో, విమానం వేసుకుని నేనే మీ ఇంటికొస్తాను, ఆపైన నీ ఇష్టం.

సెలవు.