ఒక్కడికి సరిపోయే పట్టీ

భోగాపురం ఇనుప సామాన్ల కొట్లో ఇద్దరు జాలర్లు, బావా బావమరుదులు, తమ తెరచాప పడవకు సామాను కొంటున్నారు. వెనకగాలికి తెరచాపను విప్పి పట్టే గడను పడవ స్తంభానికి తగిలించాలి.

"ఈ రింగు సాలు బావా. ఎప్పుడూ రింగే కదా."

"రింగుకి ఇద్దరు కావాల. ఒకడు గడ ఎత్తితే ఇంకొకడు తగిలించాల. ఆ కొక్కెం పైకీ కిందకీ జారే పట్టీ తియ్యమను. ఒక్కడే తాడుతో గడని పైకి లాగీసుకోవచ్చు."

"మనం ఇద్దరం ఉన్నాం కదేటి?"

"ఉన్నామేటి?"

"అలగంతన్నావేటి బావా?"

"నిన్న ఎయిర్‌పోర్టు గేటు కాడ సెక్యూరిటీ వోళ్ళ నీలం సొక్కా ఏసుకుని నిలబడింది ఎవుడ్రా?"

"అక్క సెప్పిందా?"

"అదీ దాసిందన్నమాట. నేనే బస్సులోంచి సూసినాను."

"నెల తిరిగితే జీతం బావా. పిల్లలున్నారు. నీకు సెప్దామనే..."

"ఎప్పుడు? నడిసంద్రంలో నేను గడ ఎత్తి పట్టుకున్నాకా?"

"సెలవు రోజున వస్తాను."

"ఆ రోజే గాలి ఎయ్యమని ఎవుడికి సెప్పీది?"

బావమరిది రింగును తిరిగి డబ్బాలో పడేశాడు.

"పోనీ, పట్టీయే తీసుకుందాం. ఎంత ఎత్తులో బిగిద్దాం?"

"నా సెయ్యి అందినంత. ఇన్నాళ్ళూ నీ పొడుగుకే బిగించినాం."