మల్లేశం చాయ్ సీను

— తాతా, రికార్డింగ్ షురూ అయింది. మొన్నటి వీడియో మస్తు నడిచింది. గా రీమేక్ మీద ఇంకోటి మాట్లాడు. జెర గట్టిగ తిట్టు.

తిడ్త తియ్, తిట్టకుంట ఊకుంటనా? ముందుగాల ఫ్యాన్ బంద్ చెయ్యి, దాని సప్పుడంత అండ్ల వడ్తది. ఆఁ, కూసో. రమ్యా, నువ్వు నా బిడ్డ బిడ్డవు, నీకు తెల్వనిది కాదు గని సూసేటోళ్లకు తెల్వాలె గద. నేను సికింద్రాబాద్‌ల టాకీసుల ఆపరేటర్‌ను. ఇరవై ఎనిమిదేండ్లు మిషిన్ నడిపిచ్చిన. ఇప్పుడు గా జాగల మాల్ లేసింది. అల్వాల్ కెల్లి బస్సుల పోతుంటె అటు దిక్కు సూడ బుద్ధి గాదు, మొకం తిప్పుకుంట. గది వేరే ముచ్చట.

రీమేక్ బాగలేదు. గది పక్కా. మా హీరో ఒక్కసారి అట్ల నడిచొస్తె నేల టికెట్టోళ్లందరు లేసి నిలవడేటోళ్లు. గీ పిలగాడు నడుస్తుంటె బస్సు పోతదేమోనని ఉర్కినట్టున్నది. పాటలైతె అడుగకు. తబలా ఉన్న కాడ డబ్బాలు కొట్టిన్రు. దీనికి రెండొందల యాభై పెట్టి పోయిన నేను! అప్పట్ల గన్ని పైసలకు మా వాడ వాడంత బాల్కనీల కూసునేది. నేల టికెట్ ఎంతుండె... అర్ధ రూపాయి... కాదు కాదు, బారాణ. డెబ్బై ఐదు పైసలు, బారాణనే. మీ అమ్మమ్మ ఉంటె కరెక్టు చెప్తుండె, గిసోంటివి ఆమెకే యాదుంటుండె.

ఏం చెప్తున్న? ఆఁ, మొన్నటి వీడియో. పాత అభిమానులంత జమైన్రు, మా హీరో ఫోటోకు దండ ఏసిన్రు, కొత్త పోస్టర్ చింపిన్రు. నువ్వే గద ఫోన్ పట్టుకున్నది. గప్పుడు గా బట్టతలాయన అడిగిండు సూడు, "తాతా, నువ్వు ఆపరేటర్‌వి. స్టేషన్ల చాయ్ తాగే సీను మన సినిమాల ఉండెనా?" అని. నేనేమన్న? "లేదు. లేనే లేదు. గీళ్లు సొంతంగ కల్పిచ్చి మా సినిమాను ఖరాబ్ చేసిన్రు" అన్న. ఇగ ఈలలే ఈలలు. ఒకడైతె నన్ను ఎత్తుకున్నడు. నిజం చెప్తున్న బిడ్డా, పానం లేసొచ్చింది.

అబద్ధం. గా సీను ఉండె.

ఆగు, ఫోన్ కిందికి దించకు. నడువనియ్యి.

మల్లేశం అని నా దోస్తు. మోండా మార్కెట్‌ల ఉల్లిగడ్డ దుకాన్ల పని చేస్తుండె. ఇల్లు మల్కాజ్‌గిరి. గణపతి పండుగకు నాటకాలు ఏసేటోడు, భీముడు ఏసి గద తిప్పిండంటె పిల్లలు భయపడి ఏడ్వాలె. గా సినిమా షూటింగు మన స్టేషన్‌కు వచ్చినప్పుడు చాయ్ అమ్మేటోడు కావాలని మల్లేశాన్ని వట్టుకపోయిన్రు. సీను గింతే. హీరో ఊరికెల్లి కొత్తగ దిగిండు, ఆకలితోని బెంచి మీద కూసున్నడు. ఈడొచ్చి చాయ్ ఇచ్చి, "చల్లారక ముందు తాగు తమ్మీ, పట్నం ఏడికి పోదు" అంటడు. గంతే. గా ఒక్క మాటను మూడు నెలలు మార్కెట్‌ల అందరికి చెప్పిండు. ఉల్లిగడ్డలు కొననీకె వచ్చినోళ్లకు సుత చెప్పిండు.

సినిమా వచ్చింది. మొదటి రోజు క్యాబిన్ రంధ్రంల కెల్లి నేనే సూసిన, మంచిగ చేసిండు మల్లేశం. జనాలు ఎట్ల వచ్చిన్రంటె, మేనేజర్ సాబ్ రోజుకు ఒక ఆట ఎక్కువ ఏద్దామన్నడు. టైం సరిపోతలేదు, జెర తక్కువ చెయ్యమన్నడు. అప్పట్ల గది మామూలే. బ్లేడుతోని రీలు కోసుడు, కొసలు రెండు మందుతోని అతికిచ్చుడు. ఏం కోస్త? పాట కోస్తె కుర్సీలు ఇరగ్గొడ్తరు. ఫైటింగ్ కోస్తె నన్నే కొడ్తరు. చాయ్ సీను కోసిన. ముక్కను గోడకు మొలకు తగిలిచ్చిన.

మల్లేశం ముందుగాల్నే చెప్పిండు, ఐతారం మ్యాట్నీకి ఇంటోళ్లను తోల్కస్త అని. నేను రమ్మన్న. ఐతారం పొద్దున గా ముక్కను మల్ల అతికిస్త అనుకున్న. అనుకున్న బిడ్డా, కడుపుల కుట్ర లేదు. గని ఐతారం పొద్దున కటౌట్‌కు దండ ఏసుడు ఉండె. నిచ్చెన ఎక్కింది నేనే. కింద బ్యాండు, నా పేరు పెట్టి ఒర్రుడు... నాకు హీరో తప్ప ఇంకోటి యాదికి లేదు. దిగి, ఉరికి, మిషిన్ షురూ చేసిన.

స్టేషన్ రీలు ఎక్కిచ్చినంక వెనుకకు తిరిగిన. గోడకు ఏలాడుతుంది ముక్క.

రంధ్రంల కెల్లి సూసిన. మల్లేశం, పెండ్లాం అండాలు, వాళ్ల అవ్వ, వాడకట్టోళ్లు పది మంది. ఐదు రిక్షాలు కట్టుకొని వచ్చిన్రు. అండాలు కొత్త చీర కట్టుకున్నది. మల్లేశం కుర్సీ అంచుకు వచ్చిండు, తెర దిక్కు చెయ్యి సూపెట్టిండు. రైలు వచ్చింది. హీరో దిగిండు. బెంచి మీద కూసున్నడు. ఎంటనే హీరో బజార్ల నడుస్తున్నడు.

గా చెయ్యి అట్లనే ఉన్నది. చాలాసేపు దించలే.

ఆట అయినంక మెట్ల కాడికి వచ్చిండు. "నేనేడ పోయిన్రా?" అన్నడు. నేను... "సినిమా తీసిన మద్రాసోళ్లే తీసేసిన్రట" అన్న. నమ్మిండు. "పోనీ తియ్, హీరో మంచిగ చేసిండు" అన్నడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండు.

సోమారం అతికియ్యచ్చు. అతికియ్యలే. మల్ల రమ్మని పిలిస్తె నేనే కోసిన్నని చెప్పాలె గద. సిగ్గు. ప్రింటు అట్లనే జిల్లాలకు పోయింది. టీవీల వచ్చేది, మీ ఫోన్లల్ల దొరికేది సుత గా సీను లేని కాపీనే. నా చేతి ప్రింటో, నా అసోంటి ఇంకోడు కోసిందో, దేవునికే తెల్వాలె. మార్కెట్‌ల మల్లేశాన్ని "ఏం చాయ్‌వాలా, ఏడ కనవడ్తలేవు" అని ఏండ్లకేండ్లు నవ్విన్రు. ఆడు నవ్వేటోడు. గని మల్ల ఏ గణపతి కాడ గద పట్టలే. పోయి పదకొండేండ్లాయె. నేను పాడె మోసిన, గప్పుడు సుత చెప్పలే.

నిన్న అండాలు ఫోన్ చేసింది. మనవరాలు ఆమెను రీమేక్‌కు తోల్కపోయిందట. తెర మీద ఎవడో చాయ్ ఇచ్చుకుంట "చల్లారక ముందు తాగు తమ్మీ" అంటె ఆమె గొల్లున ఏడ్చిందట. పొద్దుగాల లేస్తె ఆమెకు చాయ్ ఇచ్చి గదే మాట అనేటోడట మల్లేశం, నవ్వుకుంట. ఇంటికొచ్చినంక ఎవలో నీ వీడియో సూపెట్టిన్రు. "అన్నా, నువ్వు లేనే లేదంటివి. మరి ఆయన బతికినన్ని దినాలు నాకు అబద్ధం చెప్పిండా?" అన్నది. "రేపు చెప్త చెల్లె" అని పెట్టేసిన.

గా డాల్డా డబ్బా ఇటియ్యి. మూత మెల్లగ తియ్యి, పాత రీలు గద, పుల్లటి వాసనొస్తది. గిదే ముక్క. కిటికీ దిక్కు పట్టి సూడు. అంత ఎర్రగైంది గద? అతుక్కపోయింది. గిది బెంచి. గిది కేతిలి. మొకం... మొకం పోయింది బిడ్డా. నేను జాగ్రత్తగనే పెట్టిన్ననుకున్న.

సినిమాను గీళ్లు ఖరాబ్ చేసిన్రని పెద్ద నోరు పెట్టుకొని ఒర్రిన. రీమేక్‌ల అన్ని తప్పులే, గని పాత కథ కాయితాల్ల దొరికిందో ఏమో, నేను కోసిన గా ఒక్కటే సక్కగ పెట్టిన్రు.

ఇగో, సూసేటోళ్లు ఇనుండ్రి. గా సీను ఉండె. మల్లేశం చేసిండు. నేను కోసిన. చెల్లె అండాలూ, నీ మొగడు నీకు ఒక్క అబద్ధం చెప్పలే. చెప్పింది నేను.

సాయంత్రం నన్ను మల్కాజ్‌గిరి తోల్కపో బిడ్డా, డబ్బా ఆమె చేతుల పెడ్త. తిడ్తె పడ్త. నువ్వు సల్లగుండు, మంచిగ సదువుకో, నా అసోంటి భయం నీకు రావద్దు. మరి గీ వీడియో... నేను దగ్గింది, ఆగింది, గిదంత ఉండనియ్యి. ఏం కోయకు.