లైటుకు ఒక చెంబు మంచినీళ్ళు

"అవ్వా, ఈ రాత్రికి ఫ్రెండ్స్‌తో చేపలకు పోతాండా, సముద్రం కాడ రాళ్ళ మీదికి. నెత్తికి కట్టుకునే ఈ లైటు కొత్తగా కొన్నా. బాగుందా, చూసి చెప్పు."

ఇప్పుడే గదా కాళ్ళు చాపినా మురళీ. లేవలేను, ఇట్లా చేతికియ్యి. ఆఁ... ఏందిరా ఇంత బరువు! తెల్లవార్లూ దీన్ని నెత్తిన పెట్టుకుంటే మెడ పట్టుకోదా నీకు? వెలుతురు ఎంత దూరం పోతాదో డబ్బా మీద ఏసిండారు, అది చూసి కొన్నావు. అవునా కాదా? నవ్వబాకు. దూరం దేనికంటా? ఓడలకు దారి చూపిస్తావా? ఎర గుచ్చేదానికి, కాలు పెట్టే రాయి కనపడేదానికి, అంతే దా. నీళ్ళ మీదికి ఏసినావంటే ఉండే చేప కూడా పారిపోతాది, పక్కన కూర్చున్నోడు అమ్మ అబ్బ అని తిడతాడు. ఎర్ర లైటు ఉండాదా ఇందులో? ఉందా, సరి. అదే పెట్టుకో, చీకటికి అలవాటైన కళ్ళు చెదరవు. మీట మాత్రం... ఇంత చిన్నదా? చేతికి జెల్ల చేప జిగురు అంటుకొని ఉంటే ఇది నొక్కేదానికి అయితాదా? చూసుకోవాల్సింది. సరి పోనీ, కొనేసినావు.

నాకెట్లా తెలుసంటావా? ఒక్కనాడన్నా ఆ రాళ్ళు ఎక్కిందాన్ని కాదు నేను. మీ తాత పోయేది, లైటు చూసుకునేది నేను. తెలీదా నీకు? మీ అమ్మ చెప్పలేదా? దానికి మాత్రం ఏం తెలుసు, అప్పుడది చంటిది.

మీ తాత హార్బర్‌లో మూటలు మోసేవాడు గదా. పొద్దంతా మూటలు, వారానికి రెండు మూడు రాత్రులు గాలం. కూరకు అయితాదనేవాడు. కూరా లేదు పాడూ లేదు, ఆయనకు అదొక పిచ్చి. ఆ లైటు కొన్నప్పుడు చూడాల. వాళ్ళ చెల్లెలు, అదే మీ రాజమ్మవ్వ, ఆ యమ్మ పెండ్లికి చీరలు తీసేదానికి పురసవాక్కం అంగళ్ళకు పోయినాం. చీరలు పది నిమిషాల్లో అయిపోయినాయి. ఈ లైటుకు గంట! నెత్తికి కట్టుకొని అంగట్లో ఎగిరి చూసినాడప్పా, జారతాదేమో అని. కళ్ళు మూసుకొని మీట తడిమి చూసినాడు. మూత తిప్పి లోపల రబ్బరు వాషరు పీకి చూసినాడు. అంగడాయన నోరు తెరిచి చూస్తాండాడు. నాకైతే సిగ్గుతో ప్రాణం పోయింది. పెండ్లికూతురు నవ్వు ఆపుకోలేక రోడ్డు మీదికి పోయి నిలబడింది. ఆ యమ్మా పోయింది పాపం, పోయిన ఆడి నెలకి... ఏం చెప్తా ఉండా నేను?

ఆఁ, లైటు. ఉప్పు గాలి ఇనుమునే తింటాది, ఇదెంత. ఇంటికొచ్చినాక మొదట దాన్ని మంచినీళ్ళతో కడగాల. గుడ్డతో తుడిచి, మూత తీసి, బ్యాటరీ బయట పెట్టి, నీడలో ఆరబెట్టాల. వాషరు కాడ ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీళ్ళు లోపలికి పోతాయి. నీదేమో చార్జింగ్‌ది, ఆ చిన్న మూత బిగించి కడుగు, తడి పోకముందే కరెంటుకు పెట్టబాకు. మీ తాత గడపలోకి రాంగానే లైటు నా చేతికిచ్చేవాడు. నేను ఒక చెంబు మంచినీళ్ళు దానికి పోసేదాన్ని. ఆయన కాళ్ళకు మాత్రం పంపు నీళ్ళే.

మంచినీళ్ళంటే నీకు ఈ కొళాయి తిప్పితే వచ్చేవి. అప్పుడు తొండియార్‌పేటలో లారీ వస్తే దా నీళ్ళు. బిందెలు వరసలో పెట్టుకొని, ఆ పక్కింటామెతో జుట్లు పట్టుకొని... అబ్బ, తలుచుకుంటేనే నడుము పీకతాది. వీధిలో చేతి పంపు ఉండేది, కొట్టినంత నీళ్ళు, కానీ నోట్లో పోసుకుంటే ఊసేయాల్సిందే, అంత ఉప్పు. దాంతో గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది.

ఒక ఎండాకాలం మూడు దినాలు లారీ రాలేదు. ఇంట్లో ఒక్క బిందె. ముగ్గురు పిల్లకాయలు, మీ అమ్మకు జ్వరం. తెల్లారి ఆయన లైటు చేతికిచ్చి పడుకున్నాడు. నేనేం చేసినా? దాన్ని తీసుకుపోయి పంపు కింద పెట్టి కడిగేసినా. నీళ్ళు నీళ్ళే గదా అనుకున్నా. ఉప్పును ఉప్పు నీళ్ళతో కడిగే తెలివి చూడు! ఆ ఒక్క రోజైతే సరి. మళ్ళీ లారీ వచ్చింది, అయినా నేను మానుకోలేదు. ఒక చెంబంటే పిల్లకాయల గంజికి అయితాది గదా అని. చూసేదానికి లైటు శుభ్రంగానే ఉండేది. ఆరు నెలలు అట్లానే.

వానాకాలంలో ఒక రాత్రి, చేపల సంచి భుజాన ఏసుకొని రాయి మీది నుంచి రాయి మీదికి దాటతాండాడు. లైటు ఆరిపోయింది. కాలు రాళ్ళ సందులోకి పోయింది. ఆయన స్నేహితుడు కుప్పన్ అరుపు విని వచ్చి లాగేదాకా అలలు మీద కొడతానే ఉన్నాయంట. ఆస్పత్రికి పోయి చూస్తే మోకాలు... వద్దులే. ఆ కాలు మళ్ళీ మూట మోయలేదు. గేటు కాడ వాచ్‌మన్‌గా కూర్చోబెట్టినారు. రాళ్ళ మీదికి మళ్ళీ పోలేదు. గాలం ఆ అటక మీదనే ఉండిపోయింది.

అందరికీ ఏం చెప్పినాడో తెలుసా? పాచి ఉండింది, కాలు జారింది అని. లైటు మాట ఎత్తలేదు. కుప్పన్ దాన్ని తెచ్చి ఇంట్లో ఇచ్చినాడు. మూత తిప్పి చూస్తే లోపలంతా పచ్చగా చిలుము. పిల్లకాయల పెన్సిల్ రబ్బరు తీసుకొని రుద్ది రుద్ది, ఆయన ఇంటికి వచ్చేలోపల తళతళలాడించి పెట్టేసినా. ఒక్కరికీ చెప్పలేదు. ఆయన కుంటుకుంటా గడప దాటినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని.

పద్దెనిమిదేళ్ళు అట్లానే దాచినా. ఆయన పోయే ముందు, మంచాన పడినప్పుడు, ఒక మధ్యాన్నం ఏడ్చుకుంటా చెప్పేసినా. పంపు నీళ్ళతో కడిగింది నేనే, నీ కాలు తీసింది నేనే అని. ఆయన గోడ తట్టు తిరిగి పడుకొని ఉండె. "నాకు తెలుసు సుబ్బమ్మా" అన్నాడు. ఎట్లా తెలుసంటే, "మంచినీళ్ళతో కడిగితే తలపట్టీ మెత్తగా ఉండేది. ఆ ఎండాకాలం నుంచి అట్ట మాదిరి గట్టిపడింది, తెల్లగా ఉప్పు గీతలు. నొసలు మండేది. నాకు తెలీదా?" అన్నాడు. మరి ఎందుకు అడగలేదయ్యా అంటే, "అడిగితే లైటుకు పోస్తావు. పిల్లకాయలకు ఒక చెంబు తగ్గతాది" అన్నాడు.

చూడు! తెలిసీ తెలిసీ దాన్ని నెత్తికి కట్టుకొని పోయినాడు ఆ మహానుభావుడు. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. ఒక్క మాట తిట్టి ఉంటే ఏం పోయేది? ఒక్కటంటే ఒక్క మాట! ఇప్పుడు కూడా ఆ కోపం తగ్గలేదు నాకు. ఎవరి మీద చూపించేది...

సరి, పొద్దు పోతాంది, పో. వాళ్ళు కాచుకోనుంటారు. పట్టీ బిగించుకో, జేబులో ఇంకో చిన్న లైటు పెట్టుకో. నిండు నూరేళ్ళు ఉండు నాయనా. గడప కాడ చెంబుతో మంచినీళ్ళు పెట్టి ఉంచుతా, నువ్వు వచ్చేటప్పటికి. నాకు ఈ మధ్య మతిమరుపు, పెట్టేది మరిచిపోయినా మరిచిపోతాను. చెంబు లేకుంటే నన్ను లేపు. లేపి గట్టిగా తిట్టు. మీ తాత మాదిరి నోరు మూసుకొని ఉండబాకురా.