పొట్టి గుర్రం బేరం

మైదుకూరు పక్క పల్లెలో ఒక కొట్టం ముందు, నడుమెత్తు కూడా లేని గుర్రాన్ని అమ్మజూపుతోంది ఒక ముసలామె. కొనడానికి ఆటోలో వచ్చినతను దాని నోరు తెరిచి చూస్తున్నాడు.

“గుర్రప్పిల్లను చూపించి పొట్టి జాతి అంటాండావేమో అవ్వా.”

“పాలపండ్లు ఒకటన్నా ఉండాదా, చూడప్పా.”

“లేవు. ఎనిమిదేండ్లదే. ఇంత మంచిదాన్ని ఎందుకు అమ్ముతాండావు?”

“మోకాళ్లు పట్టేసినాయి. గడ్డి కోసుకొచ్చేకి కాలే. ఇది ఇంకా ఇరవై ఏండ్లు బతుకుతాది. నీకెందుకు ఇది?”

“మా పాపకు. ఆరేండ్లు దానికి.”

“ఆరేండ్ల పిల్లనైతే మోస్తాది. పెద్దోళ్లెక్కితే దీని నడుము ఇరుగుతాది.”

“పెద్దోళ్లను ఎందుకెక్కిస్తా? ఉండు, ఇంకొకసారి పండ్లు చూడనీ. నాకింకా అనుమానమే.”

“చూడు, చూడు. ఆ ఆటోలో అంత పెద్ద జీను ఎవరికప్పా?”

“అదా... ఎవరిదో. గండికోటలో ఇచ్చి పోదామని.”

“గండికోటలో టూరిస్టులను ఎక్కించేకేనా?”

“అట్ల కాదవ్వా...”

“దాని నోరు ఇడిసిపెట్టప్పా. అబద్ధం ఆ నోట్లో లేదు.”