మందు ముట్టని పగడం

రిటైరైన సైన్సు మాస్టారు ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియం ముందు కూర్చుని నోటుబుక్కు తెరిచారు. భార్య వెనకాలే నిలబడింది.

“చూశావా? పురుగు పట్టిన పగడాలు రెండూ కోలుకున్నాయి. ఎడమదాన్ని మందునీళ్ళలో ముంచాను. కుడిదాన్ని ముంచలేదు.”

“కుడిది నా పుట్టినరోజుకి కొన్నదండీ.”

“బొమ్మా బొరుసూ వేసే నిర్ణయించాను. పోల్చి చూడకపోతే మందు సంగతి ఎలా తెలుస్తుంది?”

“అది చచ్చిపోయుంటే?”

“మందు పనిచేస్తుందని తేలేది.”

“రేపు మనిద్దరికీ జ్వరమొస్తే మాత్ర ఒక్కరికేనా?”

“వెటకారం వద్దు. మందు లేకుండానే కోలుకుంది కదా! ఆ మందు దండగని పత్రికకు వ్యాసం రాశాను. రేపు పంపిస్తున్నాను.”

“పంపకండి.”

“ఏం?”

“మంగళవారం మీరు కూరగాయలకి వెళ్ళినప్పుడు దాన్నీ ముంచాను.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మూడు వారాల ప్రయోగం! బూడిదలో పోసిన పన్నీరు చేశావు.”

“పగడం బతికిందిగా.”

ఆయన కుడి పగడాన్ని కాసేపు చూశారు. వ్యాసంలో ‘దండగ’ అన్న మాటను కొట్టేసి, మళ్ళీ కలం సర్దుకున్నారు.

“ఎన్ని నిమిషాలు ముంచావు?”

“మీరు ఎడమదాన్ని ముంచినన్ని. ఆ రోజు వెనకాలే నిలబడి లెక్కపెట్టాను.”